అంగుళానికో చెక్క

టైపు షాపు మేడ మీది గది
ఆగస్టు 4

అన్నయ్యకు,

చెల్లెలు రాసేది. ఇక్కడ క్షేమం అని రాయబోయి ఆగాను. మనిద్దరి మధ్య ఆ అబద్ధం ఎందుకు? జ్వరం, జలుబు లేవు. అంతవరకు నిజం.

పాపని ప్రస్తుతానికి వాళ్ల నాన్న దగ్గరే ఉంచమని కోర్టు అన్న సంగతి నీకు తెలుసు. నాకున్నది ఒక్క గది, అదీ పగలంతా మిషన్లు టకటకలాడే షాపు మీద. ఆయనకి నాలుగు గదుల ఇల్లు, లిఫ్టుల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం, పిల్లని కనిపెట్టుకుని ఉండడానికి మా ఆడపడుచు. "తండ్రి అనుమతితో తల్లి చూడవచ్చు" అని రాశారు. ఆయన అనుమతి ఇవ్వడు. ఏడు నెలలుగా బడి గేటు కమ్మీల్లోంచే చూస్తున్నాను. మొన్న పై పన్ను ఊడిందని నోరు తెరిచి చూపించింది. లోపలికి వేలు పెట్టి తడమబోతే గంట కొట్టేశారు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న పెట్టె సర్దుతుంటే పాత కార్బన్ కాపీలు దొరికాయి. ఆరేళ్లు ఆయన సర్టిఫికెట్లన్నీ ఇంట్లో కొట్టింది నేనే కదా. నా చేతి అలవాటు నీకు తెలుసు, ఏం కొట్టినా కింద కార్బన్ పెడతాను, నంబరు వేస్తాను. అందులో పోయిన నవంబరు 9 తారీఖువి పన్నెండు ఉన్నాయి. పన్నెండు లిఫ్టులు స్వయంగా ఎక్కి చూశాను, తాళ్లు, బ్రేకులు బాగున్నాయి అని. అన్నయ్యా, ఆ రోజు ఆయన మంచం దిగలేదు. నూటమూడు జ్వరం. నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ నేనే కొట్టాను, ఆయన దిండు మీద పెట్టుకుని, కార్బన్ తియ్యకుండానే సంతకాలు పెట్టాడు. ఇంటికొచ్చి చూసిన డాక్టరు చీటీ కూడా అదే కట్టలో ఉంది, తేదీతో సహా.

ఇవి బయటికొస్తే ఆయన ఉద్యోగం నిలవదు. ఇన్నాళ్లకి నా చేతికి ఏదో దొరికింది, కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ బరువులు కదుపుతున్నవాడివి. నువ్వే చెప్పు.

నీ చెల్లి


మిషన్ల షెడ్డు
ఆగస్టు 11

ఒసే చిన్నీ,

నీ ఉత్తరం చూసి మీ వదిన ఏడ్చింది, నేను ఈల వేశాను. ఇద్దరం ఒకే ఉత్తరం చదివామా అని తిట్టింది. నా రాత కోడి కెలికినట్టుందని నవ్వకు, ఉన్న మూడు వేళ్లతో ఇంతకంటే రాదు.

చెప్తా విను. మొన్న ఆరు టన్నుల అచ్చు మిషన్ని గోడ దగ్గర్నించి కిటికీ దాకా జరిపాం. ఎంతమందిమి అనుకున్నావ్, నలుగురం! గునపం మొన మిషన్ కిందికి తోస్తాం. జానెడు ఇవతల గునపం కింద దిమ్మ పెడతాం. ఈ కొస మీద ఇద్దరం వాలతాం. అంగుళం లేస్తుంది. అంతే, అంతకంటే ఆశపడకూడదు. లేచిన సందులోకి వెంటనే ఒక చెక్క తోసెయ్యాలి. చెక్క పడిందా, ఇక చెయ్యి వదిలినా బరువు వెనక్కి రాదు. అందుకే పని చేసేటప్పుడు మా కేక ఒకటే, "అంగుళానికో చెక్క!"

నువ్వూ అంతే. పిల్లని ఇచ్చెయ్యి అని ఒక్కసారే మీద పడకు. ముందు ఒక్క ఆదివారం అడుగు. ఒప్పుకున్నాడా, కాగితం మీద పెట్టు. ఏం అడిగావో, బదులుగా దేని గురించి నోరు మూసుకుంటున్నావో, అన్నీ రాయి. నోటి మాట మాత్రం నమ్మకు. "చెక్క పెట్టేశా, చెయ్యి పెట్టు" అన్నాడు ఒకప్పుడు పక్కవాడు. పెట్టలేదు. నా రెండు వేళ్లు అక్కడే పోయాయి.

ఇంకో మాట. కింద దిమ్మ ఏం పెడుతున్నావో చూసుకో. బరువంతా చివరికి పడేది దాని మీదే. మెత్తదైతే నలిగి ఊరుకుంటుంది. ఇంతకీ ఆ పన్నెండు లిఫ్టులూ ఎక్కడివి? జనం ఎక్కేవేనా?

పిడుగుకి మీసాల మావయ్య ముద్దులు. ఊడిన పన్ను దాచమను, పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసురుదాం.

మీ అన్నయ్య


టైపు షాపు మేడ మీది గది
అక్టోబరు 12

అన్నయ్యా,

ముందు మంచి మాట. పాప ఇప్పుడు నా పక్కన కూర్చుని, పాడైపోయిన రిబ్బను వేళ్లకి చుట్టుకుంటోంది. రెండు చేతులూ నల్లగా చేసుకుంది. కడుక్కోమంటే "ఇంకాసేపు అమ్మా" అంటోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి ఉత్తరానికి ఆయన జవాబే ఇవ్వలేదు. రెండోదానికి డాక్టరు చీటీ కాపీ జోడించాను. నాలుగో రోజున మా ఆడపడుచు పాపని తీసుకొచ్చి మెట్ల కింద వదిలి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. సెప్టెంబరంతా ఆదివారాలు. మూడో ఉత్తరంతో శనివారాలు కూడా కలిశాయి. ప్రతిదానికీ నంబరు, తేదీ, కింద నా సంతకం. అంగుళానికో చెక్క.

పాప ఎక్కడికెళ్లినా లిఫ్టు ఎక్కదు, తెలుసా? నాన్న ఎక్కొద్దన్నాడట. మెట్లే ఎక్కు, కాళ్లకి మంచిది అన్నాడట. ఎక్కడికెళ్లినా మెట్లు లెక్కపెడుతుంది. మా షాపువి ఇరవై ఒకటి. ఇవాళ ఇరవై రెండు వచ్చాయని పోట్లాడి, కిందికి దిగి మళ్లీ ఎక్కింది.

నువ్వు అడిగినవి గోడౌన్లు. సరుకు ఎక్కించే లిఫ్టులు. వాటి గురించి దిగులు పడకు.

వదినకి నా నమస్కారం చెప్పు.

నీ చెల్లి


మిషన్ల షెడ్డు
డిసెంబరు 28

చిన్నీ,

గోడౌన్లు అన్నావు చూడు, ఆ మాటతో నా గుండెలో బరువు దిగింది. బస్తాలకి దెబ్బ తగిలితే ఏడ్చేవాళ్లుండరు.

నీకో శుభవార్త. జనవరి మూడో వారంలో మీ ఊళ్లోనే పని. ఒక ఆసుపత్రికి ఎక్స్‌రే మిషన్ ఎక్కించాలి. మీ గదిలో చాప మీద పడుకుంటాను, గురక పెడితే తన్ను. పిడుగుకి చెప్పు, మీసాలు ఇంకా పెంచాను, లాగినా ఊడవు.

మార్చి పరీక్షలు అయ్యాక పిల్లని నీకే అప్పగిస్తానని కోర్టులో సంతకం పెట్టడానికి ఒప్పుకున్నాడన్నావే, అది చదివి మీ వదిన వీధిలో అందరికీ చెప్పింది. ఇంక ఒక్క అంగుళమేనే! చెయ్యి వణకనివ్వకు.

అన్నయ్య


మిషన్ల షెడ్డు
జనవరి 27

చిన్నీ,

నీ దగ్గర నాలుగు రోజులున్నాను. చివరి రోజు నేను సరిగ్గా భోంచెయ్యలేదని నువ్వు అడిగావు, కడుపులో బాగాలేదన్నాను. పిడుగు నా ఒళ్లో కూర్చుని ఉంది. దాని ముందు ఎలా చెప్పను?

ఆ ఆసుపత్రి లిఫ్టులో అద్దం కింద సర్టిఫికెట్టు తగిలించి ఉంది. ముందటేడు నవంబరు 9, ఇంకా అదే. మీ ఆయన సంతకం. మీ పెళ్లి రిజిస్టరులో చూశాను, ఆ సంతకం తోక నాకు గుర్తే.

తాడు చూడకుండా నేను బరువు ఎక్కించను. పైన లిఫ్టు మోటారు ఉండే గదిలోకి వెళ్లి, లిఫ్టు ఆపించి, తాడు మీద గుడ్డ పెట్టి తుడిచాను. గుడ్డ సగం దూరంలో పట్టేసింది. ఉక్కు పోగులు తెగి ముళ్లలా పైకి లేచాయి. ఒకటి రెండు కాదు. లెక్కపెట్టడం మానేశాను. లిఫ్టు నడిపే ముసలాయన్ని అడిగితే, "ఇన్‌స్పెక్టరా? నేనొచ్చి మూడేళ్లు, ఆ మనిషి ఎలా ఉంటాడో నాకు తెలీదు" అన్నాడు.

మిషన్ని ముక్కలు చేసి మెట్ల మీంచి మోయించాను. రెండు రోజుల పని నాలుగు రోజులైంది. పురుళ్ల వార్డు మూడో అంతస్తులో ఉంది చిన్నీ. మేం మెట్ల మీద ఆయాసపడుతుంటే పక్కనే వాళ్లు లిఫ్టులో పైకెళ్తున్నారు, నొప్పులతో. నోటి చివరిదాకా వచ్చింది. ఆ కోర్టు సంతకం గుర్తొచ్చి మింగేశాను. "ఎక్కువమందిని ఎక్కించకు తాతా" అని మాత్రం అన్నాను. ఆయన నవ్వాడు.

గోడౌన్లన్నావు. నాతో అబద్ధం ఎందుకాడావే? వెంటనే ఎవరికైనా చెప్పు.

అన్నయ్య


టైపు షాపు మేడ మీది గది
ఫిబ్రవరి 2

అన్నయ్యా,

అవును, అబద్ధమే ఆడాను. నిజం చెబితే నువ్వు బేరం మాని బయటపెట్టమంటావని. ఇప్పుడు అదే అన్నావు కూడా.

నాకు తెలియకనా? కొట్టింది నేనే, చిరునామాలు నా వేళ్లకి వచ్చు. ఆ ఆసుపత్రి ముందు నుంచే రోజూ బస్సులో వెళ్తాను. వాకిట్లో జనం గుంపుగా ఉన్నారేమోనని దూరం నుంచే చూస్తాను. లేరు. ఊపిరి పీల్చుకుంటాను. మర్నాడు మళ్లీ చూస్తాను. ఆగస్టు నుంచీ ఇదే బతుకు.

కానీ చెప్పేస్తే నా చేతిలో ఏం మిగులుతుంది? చెప్పనంతసేపే ఆయనకి భయం. ఆ భయమే శనివారం పొద్దున్నే పాపని నా మెట్ల మీదికి తెస్తోంది. ఒక్కసారి వాడానా, ఆయన ఉద్యోగం పోతుంది, నా మీద కక్షతో పిల్లని వాళ్ల అక్కతో ఏ దూరానికో పంపేస్తాడు. కోర్టు సంతకం ఇంకా పడలేదు. ఎనిమిది వారాలు. ఎనిమిదంటే ఎనిమిది. తాడు ఇన్నాళ్లు ఆగింది, ఎనిమిది వారాలు ఆగదా? ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది, అయినా రాస్తున్నాను.

సంతకం పడిన మర్నాడే నేనే వెళ్లి చెప్తాను, పాప మీద ఒట్టు. నీ కాళ్లు పట్టుకుంటాను అన్నయ్యా, ఎవరికీ చెప్పకు.

చెల్లి


మిషన్ల షెడ్డు
ఫిబ్రవరి 6

చిన్నీ,

సరే. ఎనిమిది వారాలు.

అన్నయ్య


మిషన్ల షెడ్డు
ఫిబ్రవరి 15

చిన్నీ,

మాట తప్పాను.

నిన్న ఒక కోత మిషన్ ఎత్తుతున్నాం. అంగుళం లేచింది. చెక్క తొయ్యాల్సినవాడికి తుమ్ము వచ్చింది. ఒక్క తుమ్మురా బాబూ, రెండు క్షణాలు! గునపం మీద వాలిన నాకు ఆ రెండు క్షణాల్లో ఒళ్లంతా చెమటలు పట్టాయి. చెక్క పడింది, ఎవరికీ ఏం కాలేదు. అందరూ వాణ్ని ఏడిపిస్తూ నవ్వుకున్నారు. నేను పక్కకి వెళ్లి కూర్చున్నాను. రెండు క్షణాలు పట్టుకోలేనివాణ్ని ఎనిమిది వారాలు ఎలా పట్టుకుంటాను?

ఆసుపత్రి పెద్ద డాక్టరుకి ఉత్తరం రాశాను. తాడు తెగడానికి సిద్ధంగా ఉంది, మిషన్ ఎక్కించిన మేస్త్రీని నేను, కళ్లారా చూశాను అని. మీ ఆయన పేరు ఎత్తలేదు, నీ ఊసు అసలే లేదు. నీకు ముందే చెప్పి చేద్దామనుకున్నాను. చెబితే నువ్వు ఏడుస్తావు, నేను ఆగిపోతాను.

తిట్టు. ఎంత తిడతావో తిట్టు, కానీ ఉత్తరం రాయడం మానకు.

అన్నయ్య


టైపు షాపు మేడ మీది గది
మార్చి 3

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆసుపత్రికి అందిన మర్నాడే ఆ లిఫ్టు ఆపారు. వారంలో కొత్త తాడు వేశారు. పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చింది ఎవరనుకున్నావు? ఆయనే. ఈసారి నిజంగానే వెళ్లాడట, నిచ్చెన వేసుకుని పైకెక్కి మరీ చూశాడట. పాత తాడు తన తనిఖీ తర్వాత పాడైందని రాసుకున్నాడు. వెంటనే స్పందించాడని ఆసుపత్రివాళ్లు మెచ్చుకుంటూ లేఖ ఇచ్చారు.

ఆ శనివారం పాప రాలేదు. ఆదివారమూ రాలేదు. సోమవారం లాయరు నోటీసు వచ్చింది. దానికి నా ఉత్తరాల కాపీలు జోడించారు. నంబరు ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కొక్కదాని మీద "అందినది" అని ముద్ర, తేదీ. ఇంటికొచ్చిన భార్య ఉత్తరానికి కూడా ఆఫీసు ముద్ర వేసి ఫైల్లో పెట్టుకునే మనిషి ఆయన. ప్రతి ముక్కకీ కార్బన్ పెట్టుకునే మనిషిని నేను. మేమిద్దరం పన్నెండేళ్లు ఎలా కాపురం చేశామో ఇప్పుడు అర్థమవుతోంది.

మూడో ఉత్తరంలో నేను రాసింది చదువు. "పురుళ్ల వార్డు ఉన్న ఆసుపత్రి లిఫ్టును మీరు చూడనే లేదన్న సంగతి నేను బయటపెట్టకుండా ఉండాలంటే శనివారాలు కూడా పాపను పంపవలెను." కింద నా సంతకం. గోడౌన్లంటే ఆయన బెదరడని ఆసుపత్రి పేరే పెట్టాను.

మిగతా కాగితాలు బయటపెట్టుకోమంటున్నాడు. అప్పుడు ఇవి జడ్జిగారి బల్ల మీదికి వస్తాయట. గర్భిణీ స్త్రీల ప్రాణాలు అడ్డం పెట్టుకుని బేరమాడిన తల్లి. దొంగ సర్టిఫికెట్లు కొట్టింది కూడా ఆవిడే. పిల్లని ఎవరికిస్తారో చూద్దాం అంటున్నాడు. నోరు మూసుకుంటే నెలకి ఒక ఆదివారం, రెండు గంటలు, మా ఆడపడుచు ఎదురుగా.

ఒప్పుకున్నాను.

చెల్లి


మిషన్ల షెడ్డు
మార్చి 8

చిన్నీ,

నీ ఉత్తరం మీ వదిన చేత చదివించుకున్నాను, నాకు అక్షరాలు ఆనలేదు.

కాగితం మీద పెట్టమన్నది నేను. దేని గురించి నోరు మూసుకుంటున్నావో కూడా రాయమన్నది నేను. తాడు సంగతి ఊదేసింది నేను. నీ మెడకి రెండు వైపులా తాడు నేనే బిగించాను కదే. కోర్టుకి వచ్చి చెప్తాను. మా చెల్లికి ఏమీ తెలియదు, అన్నీ నేనే చెప్పి రాయించాను అంటాను. నన్ను జైల్లో వేసుకోమను. ఈ మూడు వేళ్లవాడు బయట ఉండి ఏం వెలగబెట్టాలి?

రమ్మంటే బండెక్కుతాను. ఏదో ఒకటి చెప్పు.

అన్నయ్య


టైపు షాపు మేడ మీది గది
మార్చి 13

అన్నయ్యా,

రావద్దు. నీ తప్పు లేదు. నిన్ను తిడదామని నాలుగుసార్లు కాగితం ఎక్కించాను, ఒక్క వాక్యమూ నిలబడలేదు.

నువ్వు తొమ్మిది రోజులకి మించి ఆగలేకపోయావు. నేను ఆరు నెలలు ఆగాను. బస్సులో కూర్చుని చూస్తూ ఆగాను. ఆయన లాయరు నా గురించి రాసినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు, వెతికాను. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇప్పుడు ఆయన చేతిలో నావి నాలుగు కాగితాలు, నా చేతిలో ఆయనవి పదకొండు. చెరో కొసన వాలి కూర్చున్నాం, ఎవరమూ వదలలేం. కింద దిమ్మ ఏం పెడుతున్నావో చూసుకో అన్నావు మొదట్లోనే. పోయిన ఆదివారం రెండు గంటల్లో పాప నాతో మాట్లాడింది మూడు మాటలు. ఒక్కో మాటకీ ముందు వాళ్ల అత్త మొహం చూసింది. వెళ్లేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు. ఎన్నున్నాయే అని పైనుంచి నేనే అడిగాను. "తెలీదు" అంది.

దీంతో ఒక జాబితా పెడుతున్నాను. మిగిలిన పదకొండు లిఫ్టుల చిరునామాలు. ఏడు నిజంగానే గోడౌన్లు. రెండు బట్టల షాపులు, ఒకటి ఆడపిల్లల హాస్టలు, ఒకటి గుడ్డివాళ్ల బడి. వాటితో పాటు డాక్టరు చీటీ అసలుది, సంతకాలున్న కార్బన్లు కూడా పెట్టాను. దేనికీ కాపీ ఉంచుకోలేదు. ఇన్నేళ్లలో కార్బన్ పెట్టకుండా నేను కొట్టిన మొదటి కాగితం ఇదే.

వీటిని ఆయన పై ఆఫీసుకి నేను పోస్టు చెయ్యలేను అన్నయ్యా. చింపెయ్యనూ లేను. రెండుసార్లు డబ్బా దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నీ దగ్గరైతే ఎక్కువ రోజులు ఆగవని తెలుసు, అందుకే నీకు పంపుతున్నాను. అవి చేరినాక ఏమవుతుందో నాకు తెలుసు. నువ్వు నాకు సర్ది చెప్పనక్కర్లేదు.

ఒక్కటే అడుగుతాను. ఏప్రిల్ 6 ఆదివారం నా వంతు. పాపకి మళ్లీ ఒక పన్ను కదులుతోంది, నా దగ్గరే ఊడదీయించుకుంటానంది. మూడు నుంచి ఐదు దాకా ఉంటుంది.

హాస్టలుకీ, గుడ్డివాళ్ల బడికీ ఇవాళే రాయి. షాపులకీ రాయి. గోడౌన్లవి మాత్రం, అన్నయ్యా, కాగితాలతో సహా, ఆ మర్నాడు, సోమవారం వెయ్యి.

నీ చెల్లి